ఆపరేషన్‌కు చందా ఉంది, ఆరు వారాల సేవకు ఎవరున్నారు?

ధర్మపురి అనగానే మన పాఠకుల్లో చాలామందికి గోదావరి ఒడ్డున, జగిత్యాల జిల్లాలో ఉన్న ధర్మపురి గుర్తుకొస్తుంది. నేను రాస్తున్నది తమిళనాడులోని ధర్మపురి గురించి. బెంగళూరు నుంచి సేలం వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఇక్కడా, 2004లో దీన్నుంచి విడిపోయిన కృష్ణగిరి జిల్లాలోనూ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, హోసూరు దాటితే కన్నడం. చెప్పులు కుట్టినవాళ్ళు, వీధులు ఊడ్చినవాళ్ళు, క్వారీల్లో రాళ్ళు మోసినవాళ్ళు, మామిడి తోటల్లో కూలికి పోయినవాళ్ళు. ప్రభుత్వం అరుంధతీయులని లెక్క రాసేవారిలో ఎంతోమంది ఇంటిభాష తెలుగే. వీళ్ళ ఇళ్ళల్లోని అవ్వల నడుముల గురించే ఈ వ్యాసం.

పెద్దగా పడిపోయి ఉండరు. నీళ్ళ బిందె ఎత్తినప్పుడో, వంగి వాకిలి ఊడ్చినప్పుడో, బస్సు గుంతలో ఎగిరినప్పుడో, ఒక్కోసారి గట్టిగా దగ్గినప్పుడో వీపులో కలుక్కుమంటుంది. నడుము పట్టేసిందనుకుంటారు. తైలం రాస్తారు, పట్టీ వేస్తారు. రెండు రోజులైనా మంచం మీద పక్కకు తిరగలేకపోతే అప్పుడు ఎక్స్‌రే. అందులో ఒక వెన్నుపూస వెనక ఎత్తు అలాగే ఉండి ముందువైపు కుంగిపోయి కనిపిస్తుంది. ఎముకలు గుల్లబారడం వల్ల, అంటే డాక్టర్లు ఆస్టియోపోరోసిస్ అనే జబ్బు వల్ల, ఇటుక లోపల బోలుగా మారి పై బరువుకు నలిగిపోయినట్టన్నమాట. ఇలాంటివి రెండు మూడు కుంగితే మనిషి పొట్టి అవుతుంది, గూని వస్తుంది. గూని వచ్చిన ముసలివాళ్ళను వయసు మీదపడిందని సరిపెట్టుకుంటాం కానీ, వాటిలో చాలా గూనులు ఎవరూ చూడని విరుగుళ్ళే.

ఈ దశలో పాస్టరుకు ఫోన్ వస్తుంది. "అయ్యగారూ, అవ్వకు వీపులో ఎముక నలిగిపోయిందంట, సిమెంటు పెట్టాలంట, రేపే చేర్చమంటున్నారు, లక్షన్నర అంట" అని మనవడు బెంగళూరులో కట్టడం పని మధ్యలోంచి మాట్లాడతాడు. సంఘంలో చందా ఎత్తడానికి మనం వెనకాడం. ఆదివారం ఆరాధన ముగిసేలోపు ఎంతో కొంత పోగవుతుంది. మిగతాది వడ్డీకి తెస్తారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చాలా కేసుల్లో ఆ "రేపే" అనే మాటకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. ఆ డబ్బులో కొంతైనా, దానికంటే ముఖ్యంగా ఆ ఉత్సాహం, ఆపరేషన్ లేకుండా నయం చేసే ఆరు నుంచి పన్నెండు వారాల మీద పెట్టాలి.

నేను డాక్టరును కాను. అందుకే నా మాట మీద కాక, జరిగిన పరీక్షల మీద నిలబడతాను. వెన్నుపూసలోకి సూదితో బోన్ సిమెంట్ ఎక్కించే పద్ధతిని వర్టిబ్రోప్లాస్టీ అంటారు. 1984లో ఫ్రాన్స్‌లోని అమియాఁలో మొదటిసారి చేశారు. అది కూడా ఎముకలు గుల్లబారిన మనిషికి కాదు, వెన్నుపూసలో రక్తనాళాల గడ్డ ఉన్న రోగికి. తర్వాత కుంగిన వెన్నుపూసలకు వాడడం మొదలై ప్రపంచమంతా పాకింది. చేయించుకున్నవాళ్ళు లేచి నడిచారు, డాక్టర్లు సంతోషించారు. పాతికేళ్ళపాటు ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఒకటుంది: ఆ నొప్పి సిమెంటు వల్లే తగ్గిందా, లేక ఎలాగూ తగ్గేదేనా?

2009 ఆగస్టులో రెండు పరిశోధనలు ఒకేసారి బయటికొచ్చాయి. ఒకటి ఆస్ట్రేలియాలో రేచెల్ బుక్‌బైండర్ బృందం 78 మంది మీద చేసింది, రెండోది అమెరికా నుంచి డేవిడ్ కాల్మ్స్ బృందం 131 మంది మీద చేసింది. రోగుల్లో సగంమందికి నిజమైన సిమెంటు పెట్టారు. మిగతా సగానికి ఉత్తుత్తి చికిత్స. వాళ్ళను కూడా ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి మత్తు సూది ఇచ్చారు, సిమెంటు డబ్బా మూత తీసి గదంతా దాని వాసన వచ్చేలా చేశారు, సిమెంటు మాత్రం ఎక్కించలేదు. ఎవరికి ఏది జరిగిందో రోగికి తెలియదు. ఫలితం? రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది, రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. 2018లో నెదర్లాండ్స్ నుంచి 180 మంది మీద వచ్చిన మరో పరిశోధన కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది కాక్రేన్ సంస్థ అన్ని పరిశోధనలనూ కలిపి చూసి, మామూలుగా అందరికీ ఈ చికిత్స చేయడాన్ని సాక్ష్యం సమర్థించడం లేదని తేల్చింది.

ఇక్కడితో ఆపితే నేను సగం నిజమే చెప్పినవాణ్ణవుతాను. 2010లో వచ్చిన ఒక డచ్ పరిశోధనలో సిమెంటు పెట్టినవాళ్ళకు మందులతో ఉన్నవాళ్ళకంటే నొప్పి త్వరగా తగ్గింది. అయితే అందులో ఉత్తుత్తి చికిత్స లేదు, ఎవరికేం జరిగిందో అందరికీ తెలుసు. 2016లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మరొకటి మాత్రం గట్టిదే. 120 మంది, అందరికీ విరిగి ఆరు వారాలు దాటలేదు, నొప్పి భరించలేనంతగా ఉంది. వాళ్ళలో ఉత్తుత్తి చికిత్సతో పోల్చినా సిమెంటు మేలు చేసింది. కాబట్టి కొత్తగా విరిగి, మందులకు లొంగని తీవ్రమైన నొప్పితో ఆస్పత్రి మంచం మీద ఉండిపోయిన పెద్దావిడకు సిమెంటు గురించి ఆలోచించడం తప్పు కాదు. దాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. అలాంటి చోట అవును, కాదు అని గొంతు చించుకునే హక్కు పాస్టర్లకు అసలే లేదు.

ఆ 2010 డచ్ పరిశోధనలోనే మన దృష్టి పోవలసిన లెక్క ఇంకొకటుంది. చేర్చుకోవడానికి అర్హులైనవాళ్ళు 431 మంది దొరికారు. వాళ్ళను పరీక్షించి ఏర్పాట్లు చేసేలోపే 229 మందికి నొప్పి దానంతటదే తగ్గిపోయింది. సగానికి పైనే! వాళ్ళను చేర్చుకోలేదు, మిగతా 202 మందితోనే పరిశోధన జరిగింది. "రేపే చేర్చండి" అన్నప్పుడు అప్పు పత్రం మీద వేలిముద్ర వేసేవాళ్ళలో ఎంతమంది ఆ 229 మంది లాంటివాళ్ళో ఊహించుకోండి.

ఆపరేషన్ ఆలస్యం చేయకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. కాళ్ళలో బలం తగ్గడం, తిమ్మిరి పైకి పాకడం, మల మూత్రాల మీద పట్టు పోవడం కనిపిస్తే అదే రోజు పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. వెన్నుపాము నలుగుతోందని దాని అర్థం, అక్కడ శస్త్రచికిత్సే దారి కావచ్చు. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయ అయి ఉండొచ్చు. మన పేటల్లో అది అరుదేమీ కాదు. క్షయ ఉన్న పూసలో సిమెంటు పోస్తే మేలు జరగకపోగా కీడు జరుగుతుంది. దానికి నెలల తరబడి క్షయ మందులు కావాలి. ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్ళకు వీపు నొప్పి వస్తే అది ఇంకో విషయం. విరుగుడు కొత్తదా పాతదా అని కూడా ఎంఆర్‌ఐలో తేలాలి. ఎప్పుడో విరిగి అతుక్కున్న పూసకు ఇప్పుడు సిమెంటు పెట్టి ప్రయోజనం లేదు. చందా ఎత్తేముందు "ఎంఆర్‌ఐ తీశారా? కాళ్ళు ఆడుతున్నాయా? జ్వరం ఉందా?" అని మూడు ప్రశ్నలు అడగడం విశ్వాసలోపం కాదు.

ధర్మపురికి ఇంకో చిక్కు ఉంది, అది నీళ్ళలోనిది. ఇక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, దానికి ఎన్నో రెట్లున్న నీళ్ళు తాగి పెరిగిన తరం మన అవ్వలది. నల్గొండ పాఠకులకు ఈ కథ నేను చెప్పనక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట శాస్త్రీయంగా నమోదు చేసిందే 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. ధర్మపురి, కృష్ణగిరిలకు కావేరి నీళ్ళు తెచ్చే హొగెనకల్ పథకానికి జపాన్ అప్పుతో 2008లో శంకుస్థాపన జరిగి 2013లో ప్రారంభమైంది. అప్పటికే యాభై ఏళ్ళు తాగినవాళ్ళ ఎముకల్లోంచి ఆ ఫ్లోరైడ్ త్వరగా పోదు. ఫ్లోరైడ్ ఎక్కిన ఎముక స్కానింగులో గట్టిగా, దట్టంగా కనిపిస్తుంది, కానీ పెళుసు. వెన్నెముక కర్రలా బిగుసుకుపోతుంది, ఎముక పెరిగి వెన్నుపామును నొక్కుతుంది. కాబట్టి మా ప్రాంతంలో ఒక ముసలమ్మ వంగిపోయిందంటే కారణం ఒకటే అనుకోవడానికి లేదు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ అంకె బాగుందని నిశ్చింతగా ఉండడానికీ లేదు. కారణం తేలకుండా చేసే చికిత్స, అది సిమెంటైనా కాల్షియం మాత్రైనా, గుడ్డిదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆపరేషన్ లేని చికిత్సను మనవాళ్ళు "ఊరికే మాత్రలిచ్చి పంపారు" అంటారు. ఆ మాటలో నిజముంది. చాలాచోట్ల నిజంగానే ఊరికే మాత్రలిచ్చి పంపుతారు. సరిగ్గా చేస్తే అది ఊరికే కాదు, చాలా పని. మొదటి కొద్ది రోజులే పూర్తి విశ్రాంతి. ఆ తర్వాత కూడా మంచానికే అంటిపెట్టుకుంటే కండ కరుగుతుంది, ఎముక ఇంకా గుల్లబారుతుంది, పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. కాబట్టి లేపాలి. ఎలా లేపాలో తెలియాలి: ముందు దుంగలాగా ఒకేసారి పక్కకు దొర్లించి, కాళ్ళు మంచం కిందికి దించి, చేతి ఆనికతో కూర్చోబెట్టాలి. చేతులు పట్టుకుని ముందుకు గుంజకూడదు. నేల మీద పడుకునే మనిషికి మంచం కావాలి. గొంతు కూర్చునే దొడ్డికి బదులు కమోడ్ కుర్చీ కావాలి. నొప్పి మాత్రలకు మలబద్ధకం వస్తుంది, ముక్కితే మళ్ళీ నొప్పి, దానికి ముందే మందుండాలి. షాపువాడిచ్చే నొప్పి మాత్రలు వారాల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. నడుము బెల్టు కొన్నాళ్ళు ఊరట ఇస్తుంది, దాన్నే నమ్ముకుని ఉండకూడదు. నొప్పి కాస్త తగ్గాక వీపు కండరాలకు రోజూ వ్యాయామం, ఎవరైనా పక్కనుండి చేయించాలి.

ఆ "ఎవరైనా" ఎవరు? కోడలు. లేదా కూతురు. ఆమె వంద రోజుల పనికో, తోట కూలికో, గార్మెంట్ ఫ్యాక్టరీకో పోతుంటుంది. ఆరు వారాలు మానితే ఇంటికి రాబడి ఆగిపోతుంది. మానకపోతే అవ్వ పొద్దున నుంచి సాయంత్రం దాకా తడి గుడ్డ మీదే. మగపిల్లలు బెంగళూరులోనో తిరుప్పూరులోనో ఉంటారు. ఇందుకే కుటుంబాలు సిమెంటు వైపు మొగ్గుతాయి. అత్యాశతో కాదు, అజ్ఞానంతోనూ కాదు. రెండు రోజుల్లో లేచి నడుస్తుందనే మాటకు లక్షన్నర అప్పు చౌక అనిపిస్తుంది. నలభై రోజుల కూలి పోగొట్టుకునే స్తోమత లేదు కాబట్టి. ఆస్పత్రివాళ్ళ మీద కోప్పడడం సులువు. వాళ్ళు అమ్ముతున్నది మనం ఇవ్వలేకపోయిన దాన్నే.

ప్రభుత్వ బీమా పథకాలు కూడా ఈ తూకాన్ని ఒకవైపే లాగుతాయి. 2007లో మొదలైన మన ఆరోగ్యశ్రీ అయినా, తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకమైనా, ఆయుష్మాన్ భారత్ అయినా ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు డబ్బు కడతాయి. ఇంటికొచ్చి నడిపించే ఫిజియోథెరపిస్టుకు, కూలి మానేసిన కోడలికి ప్యాకేజీ ఉండదు. ఎక్కడ డబ్బుందో చికిత్స అటే నడుస్తుంది. తెలుగు ఆడవాళ్ళకు ఇది కొత్త కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీసేయించుకున్న స్త్రీల శాతం దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే, అదీ చిన్న వయసులో. తెల్లబట్టకో, కడుపునొప్పికో ముప్పై అయిదేళ్ళకే తీసేశారు. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆడమనిషి ఎముకలు పదీ పదిహేనేళ్ళ ముందే గుల్లబారడం మొదలుపెడతాయి. అంటే అవసరం లేని ఒక ఆపరేషన్ ముప్పై అయిదులో, దాని ఫలితంగా ఇంకో ఆపరేషన్ కోసం అప్పు అరవైలో. ఆమె ఒంటి మీద రెండుసార్లు కోత పడింది, రెండుసార్లూ ఆమెను కూర్చోబెట్టి ఎవరూ వివరంగా చెప్పలేదు.

లూకా సువార్త పదమూడో అధ్యాయంలో పద్దెనిమిదేళ్ళుగా నడుము వంగి, పైకి చూడలేని స్త్రీ ఉంది. ఆమె చక్కగా నిలబడిన క్షణం మీద మనం ఎన్నో ప్రసంగాలు చేశాం. ఆమె జబ్బు ఇదేనని నేననను, డాక్టర్లు తలో మాట చెబుతారు. నన్ను ఆపేది ఆ తర్వాతి వాదన. సమాజమందిరపు అధికారి అభ్యంతరం చెప్పినప్పుడు యేసు తెచ్చిన ఉదాహరణ ఏ అద్భుతమూ కాదు, ఇంటి పశువు. విశ్రాంతి దినాన కూడా ఎద్దును విప్పి నీళ్ళకు తోలుకుపోతారు కదా అన్నాడు. రోజూ ఉండే పని, ఎవరూ సాక్ష్యం చెప్పని పని. మన సంఘాల్లో స్వస్థత కూటాలున్నాయి, ఆపరేషన్‌కు చందాలున్నాయి. రోజూ విప్పి నీళ్ళకు తీసుకుపోయే మనిషి లేడు. ఇక ప్రార్థన చేసి మందులు మానిపించే బోధకుల గురించి ఒక్క మాట: జబ్బుపడిన తన ఆవుకు మాత్రం వాళ్ళెవరూ పశువైద్యుణ్ణి మానిపించరు.

క్రైస్తవ వైద్య సేవ అంటే శస్త్రచికిత్స గదే అనుకునేవాళ్ళు వేలూరు చరిత్ర చదవాలి. మేరీ వర్గీస్ అనే యువ డాక్టరు 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. ఆ తర్వాత పునరావాస వైద్యం చదివి వచ్చి, వెన్నెముక దెబ్బతిన్నవాళ్ళు నెలల తరబడి ఉండి కూర్చోవడం, కదలడం, బతకడం మళ్ళీ నేర్చుకునే కేంద్రాన్ని నిలబెట్టింది. 1966లో మొదలైన ఆ కేంద్రం నేడు ఆమె పేరు మీదే ఉంది. మా జిల్లాలోనే హరూరు దగ్గర సిట్టిలింగి లోయలో రెజీ జార్జ్, లలిత అనే డాక్టర్ దంపతులు 1993లో ట్రైబల్ హెల్త్ ఇనిషియేటివ్ మొదలుపెట్టి, అక్కడి గిరిజన యువతులకే ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ ఇచ్చారు. పెద్ద చదువు లేని అమ్మాయిలు నేర్చుకోగలిగినప్పుడు, డిగ్రీలు చదివిన మన సంఘ యువత ఒక అవ్వను దుంగలా దొర్లించడం నేర్చుకోలేదా?

చేయి కలపడానికి ప్రభుత్వం వైపు కూడా ఒక తలుపు తెరిచే ఉంది. 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి స్టాలిన్ 'మక్కళై తేడి మరుత్తువం', అంటే ప్రజల్ని వెతుక్కుంటూ వెళ్ళే వైద్యం, అనే పథకాన్ని ప్రారంభించింది పక్కనే కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో. (ఊరి పేరులోనే తెలుగుంది చూశారా.) బీపీ, షుగర్ మందులతోపాటు ఇంటి దగ్గరే ఫిజియోథెరపీ కూడా అందులో ఉంది. కానీ అడిగేవాళ్ళుండాలి. తమిళం రాక, రాసుకోలేక, మా పేటకు ఎవరొస్తారులే అని ఊరుకునే అవ్వ తరఫున ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి పేరు రాయించడం ఒక యువకుడికి అరపూట పని. కోడలికి ఆరు వారాలపాటు సగం కూలి సంఘం ఇవ్వగలిగితే, నేను లెక్క వేసి చూశాను, చాలా సంఘాల్లో క్రిస్మస్ మైకు సెట్టు ఖర్చు దాటదు. మిగతా సగం రోజులకు స్త్రీల సమాజం వంతులు వేసుకోవచ్చు. మగవాళ్ళూ వంతుల్లో ఉండాలి. దొర్లించడానికి బలం వాళ్ళకే ఎక్కువ కదా!

తిండి సంగతి కూడా ఉంది. ఈ నేల రాగులది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాదాపు లేదనే చెప్పాలి. రేషన్ బియ్యం వచ్చాక సంగటి కుండ అటకెక్కింది. 2023లో ధర్మపురి, నీలగిరి జిల్లాల రేషన్ షాపుల్లో రెండు కిలోల బియ్యానికి బదులు రాగులివ్వడం మొదలైంది. తెచ్చుకుని కోళ్ళకు వేయకుండా వండుకుంటే మంచిది. అయితే విరిగిన వెన్నుపూస సంగటితో నిలబడదు, దానికి మందు కావాలి. సిమెంటు పెట్టించుకున్నవాళ్ళూ, పెట్టించుకోనివాళ్ళూ ఇద్దరూ మరచిపోయేది ఈ మందునే.

ఒక వెన్నుపూస కుంగిన స్త్రీలలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఏడాది తిరిగేలోపే ఇంకొకటి కుంగుతుందని 2001లోనే తేలింది. సిమెంటు విరిగిన పూసనే పట్టుకుంటుంది, పక్క పూసను కాపాడదు. కాపాడేవి వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర, లేదా ఏడాదికి ఒకసారి నరానికి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటివి. ఏడువేలమందికి పైగా స్త్రీల మీద జరిగి 2007లో వెలువడిన పరిశోధనలో ఈ ఇంజెక్షన్ మూడేళ్ళలో కొత్త వెన్నుపూస విరుగుళ్ళను 70 శాతం తగ్గించింది. రెండూ జనరిక్‌గా దొరుకుతాయి. ఇచ్చేముందు కిడ్నీ పరీక్ష చేయాలి, విటమిన్ డి, కాల్షియం లోటు సరిచేయాలి, పళ్ళు చూపించుకోవాలి, ఫ్లోరోసిస్ ఉందేమో మా ప్రాంతంలో తప్పక అడగాలి. అలెండ్రోనేట్ మాత్ర పరగడుపున నిండు గ్లాసు నీళ్ళతో మింగి, అరగంట పడుకోకుండా కూర్చోవాలి. లేకపోతే గొంతు కింది గొట్టం పుండు పడుతుంది. కూర్చోలేని అవ్వకు అందుకే ఇంజెక్షన్ నయం.

మన సంఘాల్లో పుట్టినరోజుల పుస్తకం ఉంటుంది, ఏ ఆదివారం ఎవరికి ప్రార్థన చేయాలో చూసి పిలుస్తాం. ఆ పేజీలోనే ఒక గడి గీసి అవ్వకు ఇంజెక్షన్ ఇచ్చిన తేదీ రాసుకోవచ్చు. ఈ జనవరిలో ఇస్తే, డాక్టరు వద్దనకపోతే, మళ్ళీ వచ్చే జనవరిలో. ఆ రోజు ఆటో మాట్లాడి ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకుపోవడం ఎవరి వంతో దాని పక్కనే రాయాలి.